దీపాలు పెట్టాక

మూట కింద పెట్టు మోజేసూ,
పెట్టేక నేను తీసుకుంటాను.
చేతిలోంచి చేతికి అందుకున్నామంటే
తెల్లారేసరికి ఇద్దరికీ తగువు.
వాడు నవ్వేడు. పాతిక కిలోల మూటని
నీలం పలకల గట్టు మీద పండబెట్టేడు,
నిద్రపోయిన పిల్లోణ్ణి భుజం మీంచి దించినట్టు.

ఏడు దాటింది. ఆఖరి పిల్లలు
తువ్వాళ్ళు చుట్టుకుని గదుల్లోకి పోయేరు.
వశిష్ఠ మీద పడవల దీపాలు ఒక్కోటే వెలుగుతున్నాయి.
వర్మగారు పొద్దుటే చెప్పేరు:
మూడ్రోజుల వానకి పూలు పొంగిపోయింది,
మీటరు రెండువేల ఆరొందలు చూపిస్తంది,
మూడువేల రెండొందలు ఉండాల, మూడు మూటలు పడతాయి.
(చేరిన కొత్తలో, పూలు చూసుకోవాలి అంటే
సజ్జ నేను తెచ్చుకోవాలా, మీరిస్తారా అని అడిగేను.
ఇప్పటికీ వంటోళ్ళు నన్ను చూసి నవ్వుతారు.)

దీపాలు పెట్టేక దాని పేరెత్తకూడదు మా ఇంట్లో.
మా అత్త మంగతాయి, చీకటి పడ్డాక
పక్కింటికి అరువుకెళ్తే
బుట్టలోది గుప్పెడు పెట్టమ్మా అనేది.
ఇక్కడేమో దీపాలు పెట్టేకే దీంతో పని,
జనం నీళ్ళలో ఉండగా వెయ్యకూడదంట.
"సోడియం క్లోరైడ్ అనండి పిన్నీ, దోషం ఉండదు"
అన్నాడు మోజేసు.
నిజమే, ఆ పేరు పెట్టి పిలిస్తే
ఏ జేష్టాదేవీ పలకదు.

ఒక్కచోట కుమ్మరించకూడదు.
గట్టు చుట్టూ నడుస్తా, దోసిలితో, విత్తనాలు చల్లినట్టు.
అడుక్కి దిగినదాన్ని పొడుగు కర్ర చీపురుతో
కదుపుతా ఉండాల, కరిగేదాకా.
గోడవతల మిషను ఇందులోంచే మందు తీస్తాదంట
పాచి పట్టకుండా.
నా బొటనవేలికి ఇవేమీ తెలీవు.
దోసిట్లో పడగానే అది దానంతటదే
రుద్దడం మొదలెట్టేసింది.

పల్లిపాలెం ఇసకలో పదిహేడేళ్ళు రుద్దిన వేలు.
సావిడాయి పొట్ట చీరి, లోపల కూరి,
మూడు పాళ్ళ చేపకి ఒక పాలు.
తక్కువేస్తే పురుగు,
ఎక్కువేస్తే సంతలో బేరగాడి మొహం ముడత.
కత్తి తెగిన చోట మండితే
అత్త అనేది, మండనీ, అదే వైద్యం అని.
ఇంత నీళ్ళకి ఇంత పోస్తన్నాను కదా,
ఊరబెట్టడానికి ఒక్క చేప లేదు.

"ఎంతోకాదు పిన్నీ, కన్నీళ్ళలో మూడో వంతు."
ఏ కన్నీళ్ళురా?
నవ్వితే వచ్చేవా, ఉల్లిపాయకి వచ్చేవా?
వాడికి మీటరు పుస్తకంలో అది రాసిలేదు.

ఉప్పు తిన్నోడు నీళ్ళు తాగాలంటారు,
ఇక్కడ నీళ్ళే తింటున్నాయి.
అయ్యో, పేరెత్తేశాను.
ఎత్తేశాను కాబట్టి ఇదీ చెప్పేస్తాను.
పూలు కట్టినప్పుడు టాంకర్లు మా వీధిలోంచే వచ్చేయి,
పన్నెండు టాంకర్లు, అన్నీ తీపి నీళ్ళే.
మలుపులో చిందిన చోట
మా సుబ్బులు బిందె పెట్టుకుని నిలబడింది.
అమాస పోటు ఎక్కిన దగ్గర్నుంచి మా బోరు తేరుకోలేదు,
చారు పెడితే వేరే వెయ్యక్కర్లేదు.
టిన్ను ఇరవై రూపాయలు, రోజుకి రెండు.
వర్మగారు మంచోరే, ఆయన్ని అని ఏం లాభం?
పోటుని అడగాల. అది తెలుగులో మాటాడదు.

మూడో మూట ఖాళీ. ఒంగి, వేలు ముంచి నాలిక్కి రాసుకున్నాను.
ఇంకో అరమూట పడతాది అన్నాను.
"లెక్క సరిపోయింది పిన్నీ. రేపు సాయంత్రం గానీ మీటరు నిజం చెప్పదు."
సరే అని చీపురు కడిగి ఇంటికొచ్చేశాను.
రాత్రి జల్లు పడిందో లేదో నిద్రలో నాకు తెలీలేదు.

మర్నాడు ఏడు దాటేక
గట్టు మీద వాడొక్కడే ఉన్నాడు, మీటరు జేబులో పెట్టుకుని.
మూడువేల వంద, అన్నాడు, నీళ్ళకేసి చూస్తా.
పక్కనే అరమూట, మూతి విప్పి ఉంది.
ఎత్తి నాకియ్యబోయి
ఆగి,
కింద పెట్టేడు.